కరగడానికి పంపిన కంచాలు

దయగల తండ్రికి స్తోత్రం. పరాయి దేశంలో మాకు పని చూపించి, కూడుకుని ఆరాధించుకోవడానికి ఒక నీడ చూపించి, ఇంతమంది తోటి విశ్వాసులను ఇంటివాళ్ళలాగా ఇచ్చి, అరవై దాటిన ఈ వయసులో కూడా పొద్దున్నే లేచి తన సన్నిధిలో కూర్చునే ఓపికనిచ్చిన ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఆయన మేలులు చెప్పుకోకుండా నేను కలం పట్టను. అందులోనూ ఈ రోజు రాయబోయేది నా తప్పు గురించి కాబట్టి, ఆయన ఓర్పును ముందు తలుచుకుంటే గాని నాకు ధైర్యం రాదు.

పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక, ఇక్కడే పుట్టి కాలేజీలకు వచ్చిన మా సంఘం పిల్లలు నలుగురు ముందుకొచ్చి, వచ్చే నెల నుంచి ప్రేమ విందుకు ఎవరి కంచం వాళ్ళు ఇంటి నుంచి తెచ్చుకోవాలని ప్రకటించారు. వాళ్ళలో ఒకమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అంకుల్, మీరు యూరప్ వేస్ట్ మీద వర్క్ చేశారంట కదా, నెక్స్ట్ సండే టెన్ మినిట్స్ మాట్లాడతారా, అక్కడ వాళ్ళు ఎలా చేస్తారో?" అని అడిగింది. సరేనన్నాను. యూరప్ గురించి పది నిమిషాలేం ఖర్మ, పది గంటలు మాట్లాడగలను. కానీ ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చుంటే నాకు గుర్తొచ్చింది యూరప్ కాదు, మా పెద్దమ్మ. ఆ పిల్లల ముందు పది నిమిషాల్లో చెప్పలేని ఆ సంగతి మీకు చెప్పుకుంటున్నాను.

కంప్యూటర్ ఉద్యోగాలు కుప్పకూలిన 2002వ సంవత్సరం ఈ దేశంలో ఎలా గడిచిందో మన తరం వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. నేను చదివింది కెమికల్ ఇంజినీరింగు. కొన్నాళ్ళు గోదావరి ఒడ్డున కాగితం మిల్లులో పనిచేసి, అందరిలాగే కంప్యూటర్ కోర్సు ఒకటి నేర్చుకుని న్యూజెర్సీ వచ్చినవాణ్ణి. వచ్చిన మూడేళ్ళకు ప్రాజెక్టు ఆగిపోయింది, వీసా గడువు తరుముకొస్తోంది, మా ఆవిడ కడుపుతో ఉంది. ఆ రోజుల్లో మా తెలుగు సంఘం ఐసెలిన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకు దగ్గరగా, ఒక అమెరికన్ చర్చి వాళ్ళ హాలు ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని కూడుకునేది. ఆరాధన తర్వాత హాలు వెనుక ఉన్న వంటగదిలోంచి అన్నం, కోడికూర, పప్పుచారు వచ్చేవి, అందరం కలిసి తినేవాళ్ళం.

పెద్దమ్మ అంటే మా పాటల బృందాన్ని నడిపించే సిస్టర్ వాళ్ళ అమ్మగారు. నరసాపురం వైపు మనిషి. భర్త పోయాక కూతురి దగ్గరికి వచ్చేశారు. సంఘమంతా ఆమెను పెద్దమ్మ అనే పిలిచేది. మేము తినే కంచాలు ఆమెవే. ఇండియా వెళ్ళి వచ్చిన ప్రతిసారీ, పచ్చళ్ళూ పొడులూ తెచ్చుకోవలసిన పెట్టెల నిండా స్టీలు కంచాలు మోసుకొచ్చారు. అలా ఎనభై కంచాలు చేరాయి. ప్రతి కంచం అంచు మీదా భర్త పేరు చెక్కించారు, మన స్టీలు కొట్లలో చెక్కుతారే, చుక్కలు చుక్కలుగా, అలాగ. విందు అయ్యాక ఆమె చీర కొంగు దోపుకుని సింకు దగ్గర నిలబడితే, ఎనభై కంచాలూ కడిగి, తుడిచి, బోర్లించే దాకా కదిలేవారు కారు. ఎవరైనా సాయం వస్తే తుడవడానికి గుడ్డ ఇచ్చేవారు గాని, కడగడం మాత్రం ఎవరికీ ఇచ్చేవారు కారు.

"నాకు ఇంగ్లీషు రాదు, మా అమ్మాయిలాగా రాగమూ రాదు. ఈ సింకు నాకొదిలెయ్యండి," అనేవారు.

ఆ సింకు దగ్గర ఆమె ఏం చేసేవారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. తిన్న కంచాలు ఒక్కొక్కటిగా ఆమె చేతికే ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు ఆమె కంచం వంక ఒకసారి, మన మొహం వంక ఒకసారి చూసేవారు. బ్రహ్మచారి కుర్రాళ్ళను ఊరికే వదిలేవారు కారు. "ఏంటయ్యా సాఫ్ట్‌వేరు, వంకాయకూర అట్టా వదిలేశావు? రేపు పెళ్ళామొస్తే ఏం తింటావు, పిజ్జాలా?" అని అందరూ వినేలా అంటించేవారు. కానీ అన్నం ముద్ద కదలని కంచం వస్తే మాత్రం ఏమీ అనేవారు కారు. ఒక ఆదివారం నా కంచం అందుకుని, నీళ్ళు ఆపేసి, చాలా మెల్లగా, "కోడికూర ముట్టుకోలేదే బాబూ. ఉద్యోగం గానీ పోయిందా?" అని అడిగారు. అప్పటికి మా ఆవిడకు కూడా నేను పూర్తిగా చెప్పలేదు. తల ఊపాను. ఆమె సబ్బు చేతులతోనే నా చెయ్యి పట్టుకుని, అక్కడే, ఆ సింకు దగ్గరే ప్రార్థన చేశారు. ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఏ ఇంట్లో మాటలు లేవో, ఎవరికి నెల తప్పిందో ఆమెకు కంచాలే చెప్పేవి. ఆ పేర్లన్నీ శుక్రవారం ఉపవాస కూడికలో ఆమె ప్రార్థనలోకి వచ్చేవి, కారణం మాత్రం బయటికి వచ్చేది కాదు.

ఆ ప్రార్థన తర్వాత నెల తిరక్కుండా నాకు ఉద్యోగం దొరికింది. అది కూడా విచిత్రమైన ఉద్యోగం. వ్యాపారాల మీద నివేదికలు రాసి అమ్మే ఒక కంపెనీలో, యూరప్ దేశాల్లో చెత్త వ్యాపారం ఎటు పోతోందో కనిపెట్టి రాసే పని. మా ఆవిడ అందరితో, "ఈయనకు యూరప్‌లో ఎవరింటి చెత్త ఎక్కడికి పోతుందో తెలుసు, మన చెత్తబుట్ట బయటపెట్టే రోజు మాత్రం నేనే గుర్తుచెయ్యాలి," అని చెప్పి నవ్వించేది. నిజానికి ఆ పనిలో నేను పూర్తిగా మునిగిపోయాను. ఆ రోజుల్లో యూరప్‌లో చెత్త పూడ్చిపెట్టే గుంటలను ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. సరుకు అమ్మినవాడే దాని అట్టపెట్టెకూ సీసాకూ చివరిదాకా బాధ్యుడని చట్టాలు చేస్తున్నారు. స్వీడన్‌లో చెత్త కాల్చిన వేడితో ఊళ్ళకు ఊళ్ళే చలి కాచుకుంటున్నాయి. చిన్న చిన్న కంపెనీలను పెద్దవి కొనేస్తున్నాయి. నా ప్రతి నివేదికలోనూ మొదటి పేజీలో ఒక నిచ్చెన బొమ్మ ఉండేది. అన్నిటికంటే పై మెట్టు, అసలు చెత్త పుట్టకుండా చూడటం. దాని కింద, ఉన్న వస్తువునే మళ్ళీ వాడటం. ఆ కింద, కరిగించి కొత్త వస్తువు చెయ్యడం. ఆ కింద కాల్చడం, అట్టడుగున పూడ్చడం. ఆ బొమ్మ నేను ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు.

2006లో నన్ను మ్యూనిక్‌లో జరిగిన ఒక ప్రదర్శనకు పంపారు. నేను దిగిన ఇంటావిడ, పెరుగు డబ్బా మూత డబ్బాతో పాటే పడేశానని నన్ను వంటగదిలోకి పిలిచి, మూత వేరు, డబ్బా వేరు అని చేతులతో చూపించి మరీ మందలించింది. సూపర్ మార్కెట్లో ముసలివాళ్ళు ఖాళీ సీసాలు సంచీలో తెచ్చి మిషన్లో పెట్టి, కొన్నప్పుడు సీసాకు కట్టిన పైసలు తిరిగి తీసుకుని, వరుసలో వాళ్ళతో కబుర్లు చెప్పుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను. తిరిగొచ్చి ఇవన్నీ సంఘంలో చెప్పాను. ప్రభువు కూడా వేలమందికి ఆహారం పెట్టిన తర్వాత మిగిలిన ముక్కలు ఏరించి గంపలకెత్తించిన సంగతి కలిపి చెబితే పాస్టర్ గారు మెచ్చుకున్నారు. ఆ మెప్పు నా తలకెక్కిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మరుసటి ఏడు, ఆ చర్చి వాళ్ళు సాయంత్రం మరో కూడికకు హాలు ఇచ్చారు కాబట్టి నాలుగింటికల్లా ఖాళీ చెయ్యమని మర్యాదగానే అడిగారు. కంచాలు కడిగేసరికి మాకు అయిదు దాటేది. కమిటీలో నేనున్నాను. వాడి పారేసే ఫోమ్ ప్లేట్లు కొందామని అన్నది నేనే. పెద్దమ్మకు ఈ వయసులో ఆ చాకిరీ ఏమిటని కూడా అన్నాను, ప్రేమతోనే అన్నాను. ఆమె కూతురు కూడా, "అమ్మకి మోకాళ్ళు పట్టేస్తున్నాయి బ్రదర్, తనేమో చెప్పదు. కమిటీ డిసైడ్ చేసిందంటే ఇంక మాట్లాడదు," అంది. పది నిమిషాల్లో తీర్మానం అయిపోయింది. ఒక్కరం కూడా వెళ్ళి ఆమెను అడగలేదు. ఆ వారంలోనే, పారేసే పళ్ళేలను యూరప్ ఎలా తగ్గించుకుంటోందో నేను ఆఫీసులో ఒక అధ్యాయం రాశాను; అది రాసిన చెయ్యి, తీర్మానానికి ఎత్తిన చెయ్యి ఒకటేనని నాకు తట్టలేదు.

కంచాలు పెట్టుకోవడానికి ఆ హాలులో మాకు అర లేదు; ఇన్నాళ్ళూ వంటగది మూల పెట్టెల్లో ఉండేవి, ఆ మూల కూడా ఇప్పుడు ఖాళీ చెయ్యాలి. ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు నేనే ముందుకొచ్చాను, ఇది నాకు తెలిసిన పని కదా. ఎనభై కంచాలూ రెండు పెట్టెల్లో సర్ది, కార్లో వేసుకుని, ఒక శనివారం పొద్దున మా ఊరి రీసైక్లింగ్ యార్డుకు తీసుకెళ్ళి, ఇనుప సామాను వేసే పెద్ద తొట్టిలో గుమ్మరించాను. ఆ చప్పుడు నాకు సంతృప్తిగానే వినిపించింది. దారిలో, కొత్తగా మొదలైన ఇంకో తెలుగు సంఘం బోర్డు కనిపించింది. ఆగి అడిగితే రెండు చేతులా తీసుకునేవాళ్ళు. నిచ్చెనలో ఒక మెట్టు పైనే ఉన్న దారి అది. నేను ఆ బోర్డు చదివి, స్తోత్రం అనుకుని, ముందుకు పోయాను.

మర్నాడు ప్రకటనల సమయంలో లేచి, కంచాలను గుంటలో పూడ్చే చెత్తలో కలవనివ్వలేదని, కరిగించి కొత్త వస్తువులు చేస్తారని గొప్పగా చెప్పాను. పెద్దమ్మ రెండో వరుసలో కూర్చుని విన్నారు. అయ్యాక నా దగ్గరికి వచ్చారు.

"అన్నీ ఇచ్చేశావా బాబూ? ఒక్కటైనా ఉంచలేదా?"

"అన్నీ ఇచ్చేశానండి పెద్దమ్మ గారూ. ఏదీ వృథా పోదు, మొత్తం కరిగిస్తారు."

"అయితే మా ఆయన పేరు కూడా కరిగిపోద్దన్నమాట," అని నవ్వారు.

ఆమె హాస్యమాడుతున్నారనుకుని నేను కూడా నవ్వాను. ఇన్నేళ్ళలో నేను ప్రభువు ముందు ఎక్కువసార్లు ఒప్పుకున్న పాపం ఆ నవ్వే.

తర్వాత కొన్ని వారాలు ఆమె విందు అయ్యాక వంటగది గుమ్మం దాకా వచ్చి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడేవారు. అందరూ ప్లేట్లు మడిచి, కూర కనబడకుండా నల్ల సంచీలో కుక్కి వెళ్ళిపోయేవాళ్ళు. "కూర్చోండి పెద్దమ్మా, మీకెందుకు శ్రమ," అని ఎవరో ఒకరు కుర్చీ వేసేవాళ్ళు. ఆ తర్వాత ఆరాధన కాగానే కార్లో కూర్చోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత రావడమే తగ్గిపోయింది. మోకాళ్ళనుకున్నాం. 2008 చివర్లో, యూరప్‌లో పాత కాగితానికి గిరాకీ పడిపోయి బేళ్ళకు బేళ్ళు గోదాముల్లో పేరుకుపోతున్నాయని నేను రాస్తున్న రోజుల్లో, మా సంఘంలో ఒక తమ్ముడు ఉద్యోగం పోయిన సంగతి రెండు నెలల పాటు ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఆదివారం మా పక్కనే కూర్చుని తిన్నాడు. తిన్నాడనే అనుకున్నాం. ఇల్లు ఖాళీ చేసి ఇండియా వెళ్ళిపోతుంటే విమానాశ్రయం నుంచి ఫోన్ చేసి చెప్పాడు.

అప్పుడు గాని నాకు కళ్ళు తెరుచుకోలేదు. మరుసటి నెల మా ఆవిడను తీసుకుని, క్షమాపణ అడగాలని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. ఆమె నన్ను చూసి సంతోషించి, ఉప్మా చేసి, ఫోమ్ ప్లేటులో పెట్టి ఇచ్చారు. "తిను బాబూ. కడిగే పని లేదు, హాయిగా తిను," అన్నారు. అది దెప్పడమో, నిజంగా నాకు సుఖంగా ఉంటుందనుకోవడమో ఈ రోజుకీ నాకు తెలియదు. నోటిదాకా వచ్చిన మాట ఉప్మాతో పాటు మింగేశాను. వాతావరణం గురించి, నా గ్రీన్ కార్డు గురించి మాట్లాడి, ప్రార్థన చేసి వచ్చేశాను. మళ్ళీ వెళదామనుకుంటూనే మూడేళ్ళు గడిపాను.

2012 చలికాలంలో ఆమె ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటికి నా పట్టుదల మీద సంఘం ఫోమ్ మానేసి, మట్టిలో కలిసిపోయే ప్లేట్లు కొంటోంది. సమాధి కార్యక్రమం తర్వాత భోజనాలు వాటిలోనే పెట్టాం. అలాంటి ప్లేట్లను మట్టి చేసే చోటు మా చుట్టుపక్కల ఎక్కడా లేదని నాకు తెలుసు. అవి కూడా మిగతా చెత్తతో పాటు గుంటలోకే పోతాయి. నా నివేదికల పట్టికల్లో కూడా యూరప్ నుంచి ఓడలెక్కి చైనా వెళ్ళిన పాత కాగితమంతా రీసైక్లయినట్టే రాసేవాళ్ళం, అక్కడ దానికి ఏమైందో వెళ్ళి చూసినవాళ్ళు మాలో లేరు. ఆ రోజు సంచీలు మూతి కట్టి తొట్టిలో వేసింది నేనే. సగం అన్నం అలాగే ఉన్న ప్లేట్లు చాలా తగిలాయి. అవి ఎవరివో నాకు తెలియలేదు.

ఇప్పుడు మాకు సొంత మందిరం ఉంది, వంటగదిలో గిన్నెలు కడిగే మిషన్ ఉంది, విందు క్యాటరింగు వాళ్ళు తెస్తారు. పెద్దవాళ్ళకు ముందు వరుసలో మెత్తటి కుర్చీలు వేశాం, వాళ్ళకు ఏ పనీ చెప్పం. ఎవరికైనా కష్టం వస్తే రాయడానికి వాట్సాప్‌లో ప్రార్థన గుంపు ఉంది. అందులో రాయగలిగిన కష్టాలే వస్తాయి. రాయలేనివి ఎక్కడికి పోతున్నాయో ఎవరికీ తెలియదు. యూరప్ గురించి నేను ఊహించి రాసినవాటిలో చాలా వరకు నిజమయ్యాయి. నా ఎదురుగా సింకు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ పని ఏమిటో మాత్రం నేను చూడలేకపోయాను.

ఇది చదువుతున్న నా తోటివారలారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి నాతో కళ్ళు మూసుకోండి. తండ్రీ, సుఖం పేరుతో మేము పని లాగేసుకున్న చేతులను జ్ఞాపకం చేసుకో. ఈ రోజు మా మధ్య కుర్చీలో ఊరికే కూర్చున్న ఒక్కరి పేరు మాలో ప్రతివాడికీ గుర్తుచెయ్యి. వాళ్ళు ఉండగానే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఏం కావాలని కాదు, నాకు ఏం చేసిపెడతారని అడిగే మనసు మాకివ్వు. ఆమేన్.