చిన్నబాపు పొట్ట మీది దూది

నా చిన్నప్పుడు మా ఊళ్లో పశువుల దవాఖాన అంటే మా చిన్నబాపే. కల్వకుర్తికి దగ్గర్లోని పల్లె మాది. డాక్టరు వారానికోసారి వచ్చి పోయేవాడు. తక్కిన రోజుల్లో తాళం తీసేదీ, గొడ్లకు మందు తాగించేదీ, గొర్రెలకు సూదులు వేసేదీ మా నాయిన తమ్ముడైన ఈ చిన్నబాపే. ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా ఫినాయిల్ వాసన. మా అవ్వ ముక్కు మూసుకుని "గొడ్లల్ల పుట్టాల్సినోనివిరా నువ్వు" అని కన్నకొడుకునే తిట్టేది. ఆయన నవ్వుకుంటూ ఆ వాసన చేతులతోనే నా చెంపలు పిండేవాడు.

ఒక ఎండాకాలం మా ఆవు మేత మానేసింది. నోటి నుంచి సొంగ తీగలు సాగుతోంది. అరుపు బొంగురుగా వస్తోంది. మామిడిపళ్ల రోజులు కదా, టెంక మింగి ఉంటుందని, అది గొంతుకు అడ్డం పడిందని ఇంట్లో అందరం తేల్చేశాం. మా వైపు ఆ కాలంలో పశువు మేయకపోతే ముందుగా వచ్చే అనుమానం అదే. చిన్నబాపూ అదే అనుకున్నాడు. పలుపు బిగించి ఆవును గుంజకు కట్టి, చొక్కా మడిచి, మోచేతి దాకా దాని నోట్లోకి పెట్టి వెతికాడు. టెంక దొరకలేదు. పళ్లు గీరుకుని ముంజేయి మాత్రం ఎర్రగా చారలు తేలింది. అంతకుముందే నేను, పాపం ఆకలిమీద ఉందని, జొన్న గటక ముద్దలు చేసి దాని నోటికి అందించాను. ముళ్లు గుచ్చుకుని పగిలిన వేళ్లు నావి. అది తినలేక నా చేతిని నాకింది.

మర్నాడు డాక్టరు వచ్చాడు. దూరం నుంచే ఆవును చూసి, నోట్లో చెయ్యి ఎవరు పెట్టారని, సొంగ ఎవరికి అంటిందని అడిగాడు. అది పిచ్చికుక్క కాటు వల్ల వచ్చిన రోగమనీ, ఆవు బతకదనీ, చిన్నబాపూ నేనూ ఆ రోజే సూదులు మొదలుపెట్టాలనీ చెప్పాడు. మేతకు పోయిన చెలకల్లో ఏ కుక్క ఎప్పుడు కరిచిందో మాకు తెలియనే తెలియదు. చిన్నబాపు నన్ను తొట్టి దగ్గరికి లాక్కుపోయి, బట్టల సబ్బుతో నా చేతులు తోమి తోమి కడిగాడు. నా వేళ్లు ముడతలు పడ్డా వదల్లేదు. ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదలు. తన చేతి మీద మాత్రం ఒక చెంబెడు నీళ్లు గుమ్మరించుకుని తుడుచుకున్నాడు.

ఆ కాలంలో ఆ సూదులు పొట్ట మీద, బొడ్డు చుట్టూ వేసేవారు. ఆ మాట చెవిన పడగానే నేను గాదె వెనక దూరాను. మొండిదాన్ని, ఎవరు పిలిచినా రాలేదు. కాసేపటికి చిన్నబాపు సైకిల్ దిగి లోపలికి వచ్చి, నా ముందు చతికిలబడి చొక్కా ఎత్తాడు. బొడ్డు పక్కన దూది, దాని మీద పట్టీ, చుట్టూ ఎర్రటి మందు మరక.

"నేను పోయి ఏయించుకొని వచ్చిన బిడ్డా. జర చీమ కుట్టినట్టయితది, గంతే. నీకంటే నేనే ధైర్యవంతున్ని, చూసినవా?"

నన్ను మించిన ధైర్యం ఎవరికైనా ఉంటే నేను ఊరుకుంటానా! అవ్వ చెయ్యి పట్టుకుని బస్సెక్కాను. అది చీమ కుట్టడం కాదు. పొట్ట మీద గడ్డలు కట్టి, లంగా నాడా కూడా ఓర్చుకోలేకపోయాను. అయినా రోజూ చిన్నబాపు చొక్కా ఎత్తి కొత్త దూది చూపించేవాడు, నేను పంతానికి బయల్దేరేదాన్ని. అట్లా నా సూదులన్నీ పూర్తయ్యాయి.

తొలకరి పడ్డాక ఒకనాడు ఆయన చెయ్యి తిమ్మిరెక్కుతోందన్నాడు. తర్వాత జ్వరం. అవ్వ మంచినీళ్లు అందిస్తే చెంబు పెదవుల దాకా తీసుకుని, ఒళ్లంతా వణికి, గోడవైపు తిరిగిపోయాడు. ఎన్ని పశువులను చూసిన మనిషి! మాకెవరికీ అర్థం కాకముందే ఆయనకు అర్థమైంది. తలుపు బయట నుంచి గొళ్లెం పెట్టమని తనే చెప్పాడు.

"పోరిని ఇటు రానియ్యకుండ్రి. దానికి సూదులన్ని అయినయ్ గదా?"

"అయినయ్ బిడ్డా, అయినయ్. మరి నీకు?" అని అవ్వ అడిగింది.

ఆ దూది పశువుల దవాఖానది. ఆ ఎర్రమందూ అక్కడిదే. ఆయన ఒక్క సూదీ వేయించుకోలేదు. వానలకు ముందు గొల్లలు మందలకు మందలు టీకాలకు తోలుకొచ్చే రోజులవి. తాను కదిలితే దవాఖానకు తాళమే అనుకున్నాడో, రోజూ గొడ్లల్లో ఉండే మనకేమవుతుందిలే అనుకున్నాడో! రెండూ అయి ఉంటాయి. ఆయన్ను కాటికి తీసుకుపోయాక అవ్వ చాలాకాలం ఆ గది గడప తొక్కలేదు. నేను ఆయన మీద కోపంతో ఏడ్చాను. అంత ప్రేమగా అబద్ధమాడిన మనిషి మీద కోపం ఎంతకాలం నిలుస్తుంది? ఏడుపే మిగిలింది.

పెద్దయ్యాక నేనూ పశువుల శాఖలోనే చేరాను. తెలంగాణ వచ్చిన ఏడాది రిటైరయ్యాను. ఇప్పుడు నా మనుమరాలు భువనగిరిలో కుక్కల, పిల్లుల దవాఖాన నడుపుతోంది. మొన్న నేను అక్కడ ఉండగానే పిచ్చి పట్టిందని అనుమానమున్న కుక్క ఒకటి వచ్చి బోనులోనే చచ్చిపోయింది. పిల్ల కంగారుపడలేదు. దాన్ని పట్టుకున్న పనివాళ్ల చేతులు సబ్బుతో తన ముందే కడిగించింది, ఆటో పిలిచి సూదులకు పంపింది, నేలంతా మందు నీళ్లతో తుడిపించింది. నాకు గర్వంగా అనిపించింది. అప్పుడు చూశాను, తన చేతి తొడుగు చిరిగి ఉంది. లోపల సన్నటి గీత.

"మరి నీకు?" అన్నాను.

"నాకు ముందుగాలనే టీకాలైనయ్ అవ్వా. గిది గీరుకున్నదంతే. ఇంక ముగ్గురు బయట కూసున్నరు, చూసి పోత."

ముందు వేసుకున్నవాళ్లు కూడా మళ్లీ వేసుకోవాలని నాకన్నా తనకే బాగా తెలుసు. తెలిసినవాళ్ల తీరే అంత, తెలిసిందంతా ఎదుటివాళ్లకే ఖర్చుపెడతారు. బయట కూర్చున్నవాళ్లకు నేనే దండం పెట్టి, రేపు రమ్మని పంపేశాను. పిల్ల నా మీద గయ్యిమంది. అననీ. చెయ్యి పట్టుకుని మనుషుల దవాఖానకు తీసుకుపోయాను. సూది లోపలికి దిగేదాకా కన్నార్పకుండా పక్కనే నిల్చున్నాను. నర్సమ్మ నన్ను చూసి, సూది ఆమెకైతే మీరెందుకమ్మా ఏడుస్తున్నారని నవ్వింది.

ఆ ఎండాకాలం మా ఇంటినిండా మనుషులే. అందరం చిన్నబాపు చేతుల మీదుగా బతికినవాళ్లమే. "మరి నీకు?" అని సమయానికి అడిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అవ్వ అడిగేసరికి తలుపుకు గొళ్లెం పడిపోయింది. ఆ మాట నేను తలుపు తెరిచి ఉండగానే అడుగుతాను. జవాబు విని ఊరుకోను, వెంట పోతాను.