చెప్పాక లేవకు

డాక్టరమ్మ గారు పోయారని శుక్రవారం పొద్దున వాళ్ళాయన ఫోన్ చేశారు. కుందిలో నూనె పోస్తున్నదాన్ని ఆగి విన్నాను. విన్నాక మిగతా నూనె పోసి దీపం వెలిగించాను. ఇంకేం చేయాలో తోచలేదు.

సంతాప సభలో నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. నా గొంతు మామూలుగానే రెండో వరుస దాటదు, ఆ రోజు అసలు పెగల్లేదు. "కొంచెం గట్టిగా ఆంటీ," అని వెనక నుంచి ఎవరో అన్నారు. కూర్చుండిపోయాను. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, ఇంటికి ఉత్తరాలు తప్ప ఏమీ రాసి ఎరగను. అయినా ఆ రోజు బయటికి రాని మాట మన సత్సంగం ఆడవాళ్ళకైనా చేరాలని ఇప్పుడు కలం పట్టాను.

ఐర్లండ్‌లో మా ఆయన ఉద్యోగం డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో, మా కాపురం అత్లోన్‌లో. ఆయన చీకటితో రైలెక్కితే ఇల్లు నాదీ దేవుడిదీ. ఆ రోజుల్లోనే ఒక ఇంట్లో అమ్మవారి పూజలో డాక్టరమ్మ గారిని కలిశాను. గోదావరి వైపు మనిషి, పక్క ఊరి ఆసుపత్రిలో పెద్ద డాక్టరు. ప్రసాదం తీసుకునే ముందు కూడా ఆపరేషన్‌కు వెళ్తున్నట్టు మోచేతుల దాకా కడుక్కునేవారు. నేనేదో అంటే వినబడక ముందుకు వంగారు. అలాగే వంగి ఉండి, "నువ్వు నాక్కావాలమ్మా," అన్నారు.

ఎందుకంటే, రోగిగా కూర్చోడానికి. డాక్టరు చదువు పూర్తయ్యాక కూడా కుర్రవాళ్ళు ఆసుపత్రిలో ఏళ్ల తరబడి శిక్షణలో ఉంటారు. ఎన్నేళ్ళు చేశారని కాదు, ఒక్కొక్క పనీ ఎవరూ పక్కన లేకుండా చేయగలరా అని పెద్ద డాక్టర్లు ఎదురుగా కూర్చుని చూస్తారు. సూది గుచ్చడం ఒక పని. స్కాన్ చదవడం ఒక పని. ఇక నయం కాదు అని రోగికి చెప్పడం కూడా ఒక పనే. దానికి నిజం రోగిని కూర్చోబెట్టలేరు కదా, అందుకు నాలాంటి వాళ్ళు.

"నాకు నటించడం రాదండీ," అన్నాను.

"వద్దు. నీ మాట వినాలంటే వాళ్ళు ముందుకు వంగాలి. నాక్కావలసింది అదే."

నాకు ఒక ప్రశ్న నేర్పారు. డాక్టరు చెప్పడం అయ్యాక, "నొప్పి ఉంటుందా?" అని అడగాలి. చాలామంది అక్కడే తప్పించుకుంటారట. గడియారం చూస్తారు, కాగితాలు సర్దుతారు, నర్సు వచ్చి మాట్లాడుతుందంటారు. కుర్రవాళ్ళతో ఆవిడ ఎప్పుడూ ఒకటే అనేవారు: "కూర్చున్నాక చెప్పు. చెప్పాక లేవకు."

వరంగల్ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. చురుకైన చేయి, అన్ని పనుల్లోనూ గట్టెక్కాడు, ఇదొక్కటే మిగిలింది. జులై లోగా ఇది కాకపోతే పై ఏడాది సీటు ఉండదు. సీటు లేకపోతే వీసా లేదు. ఊళ్ళో అమ్మానాన్నలకు ఆ సంగతి చెప్పలేదన్నాడు.

ఆ రోజు నేను రోగిని, ఒక మగ నర్సు నా కొడుకు. అబ్బాయి వచ్చి నాకు నమస్కారం పెట్టి, కుర్చీ నర్సు వైపు తిప్పుకున్నాడు. "అమ్మను కొంచెం బయట కూర్చోబెడతారా?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగాడు. నేను నిజంగానే లేవబోయాను. మా ఊళ్ళో మా నాన్ననూ అలాగే బయట కూర్చోబెట్టి మాకు చెప్పారు మరి.

"కూర్చో అమ్మా," అన్నారు డాక్టరమ్మ గారు మూల నుంచి. అబ్బాయి వైపు తిరిగి, "జబ్బు ఎవరిదయ్యా? ఆవిడదా, కొడుకుదా?" అన్నారు.

"మా దగ్గర అట్లనే చెప్తం మేడం. పేషెంటుకు సీదా చెప్తే ఇంటోళ్ళు కొట్టనీకి వస్తరు."

"ఇక్కడ చెప్పకపోతే కొడతారు. ఏ దెబ్బ కావాలో తేల్చుకో."

నర్సుకు తెలుగు రాకపోయినా నవ్వాడు. అబ్బాయి నవ్వలేదు. ఆవిడ తన ఫోన్‌లో అతని పరీక్ష ఫలితం 'ఇంకా కాదు' అని నొక్కారు. తర్వాత ఆదివారాలు మా వంటింట్లో అతనితో సాధన చేయించారు, ముందు తెలుగులో. "మన భాషలో చెప్పలేనివాడు ఇంగ్లీషు వెనక దాక్కుంటాడు," అనేవారు. నా చేత అదే ప్రశ్న అడిగించేవారు. "నొప్పి ఏముండదు ఆంటీ, మీరు టెన్షన్ పడకుండ్రి," అనేవాడు పాపం. "అబద్ధం. మళ్ళీ," అనేవారు ఆవిడ, ప్లేటులో పులిహోర వడ్డించుకుంటూ.

వసంతంలో ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి. తన వార్డులోనే చేరారు. చూస్తున్న డాక్టరు ఐరిష్ ఆయన, తనే చెబుతానన్నాడట. "నాకు ఆ వరంగల్ అబ్బాయి చెప్తాడు," అని పట్టుబట్టారు. నన్ను పక్కన ఉండమన్నారు.

మధ్యాహ్నం, కిటికీకి వాన కొడుతోంది. అబ్బాయి వచ్చి కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాడు. అంతలో ఆవిడ భర్త తలుపు దగ్గర నిలబడి, "ఒక్క నిమిషం బాబూ, ఇలా బయటికి రా," అన్నారు. గొంతు తగ్గించి, "ఆవిడకి ఇప్పుడేం చెప్పొద్దు. మెల్లగా నేను చెప్పుకుంటాను," అన్నారు. మాకందరికీ వినబడింది.

అబ్బాయి సగం లేచాడు. డాక్టరమ్మ గారు దుప్పటి అంచు చూస్తున్నారు. నేను లోపల అమ్మవారి పేరు చెప్పుకుంటున్నాను. ఎవరి కోసమో తెలియదు.

అతను మళ్ళీ కూర్చున్నాడు. "సార్, మీరు గూడ లోపలికి రండి. మేడం పక్కన కూసోండి. మేడంకే చెప్తా."

చెప్పాడు. క్లోమంలో క్యాన్సర్ అని, కాలేయానికి పాకిందని, కోయడానికి లేదని. మూడు ముక్కల్లో చెప్పి ఆగాడు. లోపలికి వచ్చిన వాళ్ళాయన ఆవిడ పాదాలు పట్టుకుని ఏడుస్తున్నారు.

"నొప్పి ఉంటుందా?" అన్నారు ఆవిడ. నేనెప్పుడూ అడిగినట్టు కాదు. ఆ గొంతు చాలా చిన్నగా ఉంది. అతను ముందుకు వంగాడు.

"ఉంటది మేడం. మందులున్నయ్. ఒకటి పనిచేయకుంటే ఇంకోటి చూస్తం. నొప్పి ఉండదని మాత్రం చెప్పను."

జేబులో ఫోన్ మోగింది. చూడకుండానే ఆపేశాడు. అతను లేవలేదు. చివరికి ఆవిడే, "ఇవాళ నేను పేషెంటుని. నీకు పాస్ వేయకూడదు. వేరే వాళ్ళ ముందు మళ్ళీ చెయ్యి," అన్నారు. తల ఊపాడు.

వాళ్ళిద్దరూ వెళ్ళాక నన్ను దగ్గరికి రమ్మన్నారు. "స్కాన్ నిన్ననే చూసుకున్నానమ్మా. నాకు తెలిసిందే. అయినా వాడు కూర్చుని చెప్పాకే భయం వేసింది." దుప్పటి సర్దుకుని, "వాడికి చెప్పకు. పరీక్ష పెట్టాననుకుంటాడు," అన్నారు.

చెప్పినట్టే నొప్పి వచ్చింది. మందులు కొన్నాళ్ళు ఆపాయి, తర్వాత ఆపలేదు. దేవుణ్ణి నేను ఎన్ని విధాల అడిగానో ఆయనకే తెలుసు. అబ్బాయి డ్యూటీ అయ్యాక కూడా వచ్చి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. ఆవిడ నవ్విన రోజులు తక్కువ.

నిన్న అతనికి ఆ పరీక్ష మళ్ళీ పెట్టారు. రోగి నేనే. మూలన ఆవిడ కూర్చునే చోట ఎవరో కొత్తాయన. అబ్బాయి నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను ఇంగ్లీషులోనే ఆ ప్రశ్న అడిగాను. అతను జవాబు చెప్పాడు, అదే జవాబు. టైమైందని గంట మోగింది. "గ్రాండ్, సరే, ఇక లేవచ్చు," అన్నాడు కొత్తాయన, ఫోన్‌లో నొక్కుతూ. ఒంటరిగా చేయగలడు అని వేశారట, తర్వాత తెలిసింది. అబ్బాయి అటు చూడలేదు. ఏ జబ్బూ లేని నా ఎదుట మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు.

చదివాక ఈ కాగితాలు పూజ సామాన్ల పెట్టెలో అడుగున దాచండి. పారేయకండి, ఎవరికీ చూపకండి. ఆవిడకు ఆ మాట మొదట చెప్పింది తానేనని అతను అనుకుంటున్నాడు. అలాగే ఉండనివ్వండి.