సెల్లు అయిపోయింది

మా చిన్నప్పుడు... సెల్లు అంటే ఫోను కాదు. టార్చిలైటులో, గోడ గడియారంలో వేసేది. ఎండలో పెడితే ఇంకో పూట నడుస్తుందని నమ్మేవాళ్ళం.

పటాన్‌చెరు దగ్గర చిట్కుల్‌లో మేముండేది వరుసగా ఆరు కిరాయి గదులున్న ఇల్లు. నాన్న కంపెనీలో ఫిట్టరు. గోడకు అవతలి గదిలో నర్మద, వాళ్ళమ్మ యాదమ్మ చిన్నమ్మ. నర్మదకు నాన్న లేడు. చిన్నమ్మ మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది... కాంట్రాక్టు మీద.

ఒకసారి నాన్న పటాన్‌చెరు అంగడి నుంచి చేతిలో పట్టుకుని ఆడే గేము తెచ్చాడు. పైనుంచి ఇటుకలు పడుతుంటే కింద పేర్చాలి. మా వరుస మొత్తానికి అదొక్కటే.

దాన్ని నేనూ నర్మదా ఒకేసారి ఆడేవాళ్ళం. ఎడమవైపు బటన్లు దానివి, కుడివైపు పెద్ద బటను నాది. అది జరపాలి, నేను తిప్పాలి. తలకు తల ఆనించి కూర్చుంటే దాని కొబ్బరినూనె నా చెంపకు అంటేది. "జెర ఆగు" అని అది అనేలోపే నా వేలు ఆగిపోయేది...

అంతా బాగానే ఉంటే నాకెందుకు ఆ బుద్ధి పుట్టిందో. పెద్ద స్కోరు నా ఒక్కదానిదే కావాలనిపించింది. ఆ డబ్బాకు పేర్లు రాసుకోవడం కూడా తెలియదు, ఉత్త అంకె చూపిస్తుంది. అయినా సరే.

ఆదివారం మధ్యాహ్నం నర్మద వచ్చింది. గేము దిండు కిందికి తోసి, "సెల్లు అయిపోయిందే" అన్నాను. పాపం, నమ్మింది. వెళ్ళిపోయింది.

కాసేపటికి మళ్ళీ వచ్చింది... గుప్పిట మూసుకుని.

"ఇగో సెల్లు. ఒక్కటి మార్చినా నడుస్తది."

"యాడిదే?"

"మా గడియారంలది. అమ్మ అంగడికి పోయింది. ఆమె వచ్చేలోపు మళ్ల పెట్టేస్త."

అప్పుడైనా చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు. బాగున్న సెల్లు తీసేసి, దాని సెల్లు వేశాను. "సూసినవా, నా సెల్లుతోని ఎట్ల నడుస్తుందో" అని మురిసిపోయింది. ముప్పావుగంట ఆడుకున్నాం. తర్వాత అది పరుగున వెళ్ళి సెల్లు గడియారంలో పెట్టేసింది. ముల్లు తిప్పాలని దానికి తోచలేదు... నాకూ తోచలేదు.

చలికాలం. పొద్దున్నే ఇంకా మసకగా ఉంటుంది. మర్నాడు చిన్నమ్మ ఆ గడియారం చూసే లేచింది, చూసే అన్నం వండింది, చూసే బయలుదేరింది. ఇస్నాపూర్ చౌరస్తాకు చేరేసరికి కంపెనీ బస్సు ఎప్పుడో పోయింది. ఆటో పట్టుకుని గేటు దగ్గరికి వెళ్తే, లోపల ఆమె జాగాలో ఇంకొకామె నిలబడి ఉందట. అంతకుముందు జ్వరమొచ్చి రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారి అయితే రావొద్దని కాంట్రాక్టరు అప్పుడే చెప్పి ఉన్నాడు.

తిరిగొచ్చి మా అమ్మ దగ్గర కూర్చుంది. "గడియారం మంచిగనే తిరుగుతుంది గదా అక్కా... నేనేడ తప్పిన?" అంది. వాకిట్లో నర్మద నా వంక చూసింది. నేను తల దించుకున్నాను.

సాయంత్రం నర్మదే ఒప్పుకుంది. దెబ్బలు గోడ ఇవతలికి వినిపించాయి. ఏడుస్తూ కూడా నా పేరు ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతుంది... నేను అబద్ధం చెప్పానని దానికి తెలిస్తే కదా.

పది రోజులకు గది ఖాళీ చేశారు. కర్దనూర్‌లో మేనమామ దగ్గరికి, కూలి పనికి. నర్మద బడి అక్కడితో ఆగింది. సామాన్లు ఎక్కించాక నా దగ్గరికొచ్చి, "ఇగ ఎడమ చెయ్యి కూడ నువ్వే నేర్సుకో" అంది. కోపంగా కాదు. నిజంగానే నేర్చుకోమని చెప్పింది.

కర్దనూర్ ఎంత దూరమని... ఆటో ఎక్కితే పోయి రావొచ్చు. ముఖం చెల్లక పోలేదు. ఏళ్ళ తర్వాత ధైర్యం చేసి వెళ్తే మేనమామ ఇల్లే లేదు. ముత్తంగి వైపు గోదాముల్లో పనికి పోయారని ఎవరో అన్నారు.

ఇప్పుడు మా పాప చేతిలోనూ గేము ఉంది. అందులో దోస్తుల లిస్టు, ముచ్చట్లు పెట్టుకునే చోటు, ఎవరున్నారో చూపించే పచ్చచుక్క... లేనిది లేదు. "ఆట డబ్బాల గీ లొల్లి ఎందుకు, బంద్ చేయించు" అని మా ఆయన. "దోస్తులు లేకుంటే ఎవరితోని ఆడాలె డాడీ?" అని పాప. నన్ను తీర్పు చెప్పమంటారు ఇద్దరూ.

మొన్న దాని వెనక నిలబడి చూశాను. ఎవరో పిల్ల 'ఆడుదామా' అని అడిగింది. మా పాప 'చార్జింగ్ లేదు' అని కొట్టి, పచ్చచుక్క ఆపేసి, ఒక్కతే ఆడుకుంటోంది. చార్జింగ్ నిండుగా ఉంది.

దాని భుజం పట్టుకున్నాను. "గట్ల చెప్పకు బిడ్డా" అన్నాను.

"ఏం గాదు మమ్మీ. అందరు గట్లనే చెప్తరు."

ఆ పిల్ల నమ్మిందో లేదో తెలియదు. నమ్మినా ఇంట్లో గడియారం విప్పి సెల్లు తీసుకుని పరిగెత్తుకు రాదు. రావడానికి అది ఏ ఊళ్ళో ఉందో మా పాపకే తెలియదు.

గేముల్లో ఈ దోస్తుల లిస్టులు కావాలా వద్దా అని ఈ గ్రూపులో మీరంతా వాదించుకుంటుంటే చదువుతూనే ఉన్నాను. నాకైతే ఏమనాలో తెలియడం లేదు. ఉన్న లిస్టులన్నింటిలో నర్మద పేరు వెతికాను... నర్మదలు చాలామంది ఉన్నారు, మా నర్మద లేదు.

మీ ఆటలో ఎడమ చెయ్యి ఎవరిదో, ఇప్పుడు ఎక్కడుందో రాయండి... చదువుతాను.

చిన్నప్పుడు చిట్కుల్‌లో ఉండి, కర్దనూర్‌కు వెళ్ళిపోయిన నర్మద ఎవరికైనా తెలిస్తే మాత్రం ఒక్క మాట చేర్చండి. కుడి చెయ్యి అమ్మాయి చెప్పమందనండి... ఆ రోజు సెల్లు అయిపోలేదని.