స్వర్ణముఖి ఇసుకలో మా వంతు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నవ్వేవాణ్ణి. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది తిరుపతి పక్కన స్వర్ణముఖి ఒడ్డున ఒక పల్లె. పేరుకు ఏరే గానీ, వానలు వెనకబడితే పైన చుక్క నీరుండదు. నీళ్లన్నీ ఇసుక కిందే. ఏటా ఇంటికో మనిషి పార పట్టుకుని పోయి ఏట్లో కాలువ తవ్వుతారు. అందులో ఊరే నీళ్లే ఊరందరి పైర్లకూ ఆధారం. వాటికి వంతులుంటాయి. వంతు అయినవాళ్లు తమ చేనిలోకి నీళ్లు పారే మడవను మట్టితో మూసి, దానిమీద వేపమండ గుచ్చి పోవాలి. అది చూసి తర్వాతివాళ్లు నీళ్లు తిప్పుకుంటారు. వంతు పోగొట్టుకుంటే మళ్లీ ఎనిమిది రోజులు ఆగాల్సిందే.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా నాయన తుంటి ఎముక విరిగి తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాడు. అమ్మ ఆయన దగ్గరే ఉంది. శనక్కాయ పైరు ఊడలు దిగే సమయం. ఆ ఒక్క తడి తప్పితే మాడిపోతుంది. నేను శ్రీసిటీ ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసి నేరుగా చేనికి వచ్చాను. మా వంతు మధ్యాహ్నం పన్నెండుకు. ఇంకా గంట టైముందని కానుగ చెట్టు కింద నడుం వాల్చాను. కుంభకర్ణుడి నిద్ర పట్టేసింది.

లేచేసరికి నాలుగు దాటింది. పరిగెత్తి చూస్తే చేనంతా తడిసి ఉంది. మడవ మూసి ఉంది. దానిమీద పచ్చి వేపమండ ఉంది.

తర్వాతి వంతు మునెమ్మక్కది. పక్క చేనిలో నీళ్లు కడుతోంది. మాకు నీళ్లు కట్టిందెవరని అడిగితే నాకేసి వింతగా చూసింది.

"మీ నాయనే గదప్పా. బాగయి వచ్చినాడేమో అనుకొంటి. నిన్ను లేపదామని పోతే, పండుకోనీ, లేపొద్దు అన్నాడు."

వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. నాయన మంచం మీదే ఉన్నాడు. పొద్దున్నుంచీ కాలికి బరువు కట్టి ఉంచారు. మా ముందు వంతు వాళ్లను అడిగితే, మండ గుచ్చి ఇంటికి పోయామన్నారు. ఊళ్లో ఇంకెవరూ మా చేనికి రాలేదన్నారు. మునెమ్మక్క అబద్ధం చెప్పే మనిషి కాదు, పైగా పట్టపగలు.

వారం తర్వాత నాయనకు ఇదంతా చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే మండిపడ్డాడు.

"వంతు నాడు పండుకొంటివా? నేనే వచ్చింటే తన్ని లేపిందును. పండుకోనీ అని యాడన్నా అందునా?"

అదీ నిజమే. పొలం పని ఉన్న రోజు ఆయన నన్ను కునుకు తీయనిచ్చింది లేదు. పైరు దక్కింది గానీ నా బుర్ర మాత్రం తిరిగిపోయింది. మునెమ్మక్క చూసింది మా నాయన్నే అయితే, ఆ మాట ఆయనది కాదు. నామీద జాలిపడి, అంత ఎండలో నాలుగు గంటలు నిలబడి నీళ్లు కట్టిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు.