జోజి రాసిన చార్టు

కరోనాకు మూడేళ్ల ముందు, జూన్ నెలలో, అనకాపల్లిలోని ఒక మిషన్ ఆసుపత్రి ప్రసూతి వార్డులో సీనియర్ స్టాఫ్ నర్సుగా ఉన్న నాకు మా విచారణ గురువులైన ఫాదర్ అదనంగా ఒక పని అప్పగించారు. విచారణ అంటే ఒక గురువు బాధ్యత కింద ఉండే గుడి, దాని చుట్టుపక్కల ఊళ్లు. కతోలికుల్లో పెళ్లి కుదిరితే వధూవరుల పేర్లు మూడు ఆదివారాలు గుడిలో చదువుతారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. ఆ మూడు వారాల్లోనే జంటకు తరగతులు జరుగుతాయి. పెళ్లిలో ఇచ్చే మాటకు అర్థమేమిటో ఫాదర్ చెబుతారు. ఒంటి సంగతులు నా వంతు. పెళ్లయిన జంటలు కూడా నెలకో ఆదివారం పూజ అయ్యాక నా దగ్గరికి వచ్చేవారు.

నేర్పవలసింది సహజ పద్ధతి. మాత్రలూ సాధనాలూ లేకుండా, స్త్రీ శరీరంలో కనబడే గుర్తులను బట్టి గర్భం వచ్చే రోజులేవో తెలుసుకుని, బిడ్డ ఇప్పుడే వద్దనుకుంటే ఆ రోజుల్లో దూరంగా ఉండటం. నర్సింగ్ చదువులో దీని గురించి మాకు చెప్పింది ఒక పేజీకి మించదు. శాఖా గ్రంథాలయంలో మూడు శరీరశాస్త్ర పుస్తకాలు దొరికాయి, అందులో రెండు ఇంగ్లీషువి. డ్యూటీ లేని పూటల్లో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివి రెండు నోటు పుస్తకాలు నింపాను. మా డాక్టర్లకు తెలియనివి కొన్ని నాకు తెలుసని అప్పట్లో నమ్మకం. ఇప్పటికీ కొంత ఉంది.

చార్టు అంటే నెలకో కాగితం, రోజుకో గడి. నెలసరికి ఎర్ర చుక్క, పొడి రోజుకు పచ్చ చుక్క, స్రావం కనబడిన రోజుకు సున్నా. రోజూ సాయంత్రం భార్య చెప్పాలి, భర్త గుర్తు పెట్టాలి. భర్తే పెట్టాలన్నది పుస్తకంలోది కాదు, నా నియమం. దేవుడిచ్చే బిడ్డలను ప్రేమతో స్వీకరిస్తారా అని గుడిలో గురువు ఇద్దరినీ అడుగుతారు. స్వీకరిస్తానన్న మగవాడు కనీసం పెన్సిలైనా పట్టుకోవాలి కదా అనుకున్నాను. గర్భస్రావం వద్దని చెప్పే మా విచారణ జీవరక్షణ సంఘంలో నేనూ సభ్యురాలినే. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆ మాట చెబితే అప్పటికే ఆలస్యమైపోతుందని, అసలు పని సంసారంలోనే మొదలవ్వాలని నా వాదన. చార్టు రాయనివాడు సగం మొగుడేనని తరగతిలో అనేదాన్ని. అందరూ నవ్వేవారు.

జోజి, లూర్దమ్మ మునగపాక దగ్గర పల్లె నుంచి వచ్చేవారు. ముగ్గురు పిల్లలు. మూడోవాడు ఆపరేషన్‌తో పుట్టాడు, ఇంకా చనుపాలు తాగుతున్నాడు. కుట్టు బాగా మానాలంటే మూడేళ్ల ఎడం ఉండాలని మా డాక్టరమ్మ చెప్పారు. జోజి పదో తరగతి పాసయ్యాడు. చెరకు ఆడే కాలంలో గానుగ దగ్గర బెల్లం వండే పని. చుక్కలన్నీ ఒకే సైజులో, గీత దాటకుండా పెట్టేవాడు. అతని చార్టును నెలనెలా నమూనాగా బోర్డుకు తగిలించాను.

"మామా, నీ సార్టు సూత్తే టెంత్ పరీచ్చ రాసినట్టుంది. మాకూ ఇయ్యి, కాపీ కొడతాం" అన్నాడొకడు.

"కాపీ కొడితే నీకు కవల్లు పుడతార్రా" అన్నాడు జోజి.

ఫిబ్రవరిలో ఒక బుధవారం లూర్దమ్మ ఒక్కర్తీ ఓపీకి వచ్చింది. పరీక్ష చేశాం. ఏడు వారాలు. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చాక నా పక్కన బెంచీ మీద కూర్చుని, గర్భం తీయించుకోవడానికి వేరే చోట మాట్లాడుకున్నానని, శనివారం రమ్మన్నారని చెప్పింది.

"మీకు సెప్పకుండా పోదారనుకున్నాను మేడమ్. మల్లీ ఆదివారం మీ మొకం సూడాల గదా."

చార్టు ఇంత బాగా రాస్తుంటే ఇలా ఎలా జరిగిందని అడిగాను. ఆమెకు నవ్వొచ్చింది.

"బోర్డుకి ఏలాడదీసేరు గదా, ఆ సార్టులో ఏటుందో నానింతవరకూ సూడనేదు. ఆయన వారమంతా గానుగ కాడే. నానెవులికి సెప్పాల? శనారం వచ్చి, పాత కాయితం పక్కనెట్టుకుని వారమంతా ఒక్కపాలి ఎక్కించీవోడు."

ఆమెను అక్కడే ఉండమని, ఆవరణలోనే ఉన్న తరగతి గదికి వెళ్లి బోర్డు మీది కాగితాలు తీశాను. ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు, సున్నాలు నెలనెలా అదే వరసలో ఉన్నాయి. పాలిచ్చే తల్లికి నెలసరి అంత లెక్కగా రాదు. ఈ సంగతి నా మొదటి నోటు పుస్తకంలో, నా చేతి రాతతో, కింద గీత గీసి ఉంది. చార్టు అందంగా ఉందని చూశాను తప్ప, ఎవరిదని చూడలేదు.

శనివారానికి మధ్యలో రెండు రోజులే. సంఘంలో చెప్పే మాటలన్నీ నోటి దాకా వచ్చాయి. ఆ కాగితాలు చేతిలో పెట్టుకుని ఆమెకు చెప్పడానికి ముఖం చెల్లలేదు. దేనికి భయమని మాత్రం అడిగాను.

"నాలుగోదని కాదు మేడమ్. పోయినపాలి కడుపు కోసేక ఆరో రోజుకే బోరింగు కాడనుంచి నీల్లు మోసేను. అదే బయం."

ఆమెను మళ్లీ డాక్టరమ్మ గదిలోకి తీసుకెళ్లాను. కడుపు నిలుపుకుంటే కుట్టుకు ప్రమాదం లేకపోలేదని, బరువులు మోయకుండా, నెలనెలా చూపించుకుని, నొప్పులు రాకముందే ఆపరేషన్ చేయించుకుంటే గట్టెక్కించవచ్చని డాక్టరమ్మ ఇద్దరం వింటుండగానే చెప్పారు.

లూర్దమ్మ సరేనన్నాక ఫాదర్‌కు సంగతి చెప్పాను. మర్నాడు ఆయన జోజిని పిలిపించారు. మోచేతి మీద పాకం చింది కాలిన మచ్చతో వచ్చాడు. అలా ఎందుకు రాశావని ఫాదర్ అడిగితే, నేల చూస్తూ నాకే జవాబు చెప్పాడు.

"రాయనోడు సగం మొగుడన్నారు గదా మేడమ్. పది మందిలో సగం మొగుణ్ణి అవడం ఇట్టం నేక రాసేను."

అది విని ఫాదర్, బిడ్డను తీయించుకోవద్దని మనం ఇన్నేళ్లుగా చెబుతున్నాం, నీళ్లెవరు మోస్తారని ఒక్కసారీ అడగలేదు, అన్నారు. అది జోజితో అన్నారో నాతో అన్నారో తెలియదు.

గానుగ పని ఆ వారంతో మానేస్తానని జోజి చెప్పాడు. చెప్పినట్టే మానేసి, అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలెత్తే పనికి కుదిరాడు. పొద్దున్న వెళ్తే చీకటి పడేలోగా ఇంట్లో ఉండేవాడు. పగటిపూట నీళ్లకూ పిల్లలకూ సంఘం ఆడవాళ్లం వంతులు వేసుకున్నాం. లూర్దమ్మ శనివారం ఎక్కడికీ వెళ్లలేదు.

వంతుల జాబితాలో ఆరు పేర్లుండేవి. మే ఎండలకు మూడు మిగిలాయి, జూలైకి రెండు. మీటింగులకు మాత్రం ఆరుగురూ వచ్చేవారు. నా వీక్లీ ఆఫ్ మంగళవారం కాబట్టి నాది మంగళవారం. అప్పటికే మోకాళ్లు అరిగాయి. మునగపాక బస్సు దిగి నడవడం, బోరింగు కొట్టడం, రెండు బిందెలు మోయడం. వార్డు డ్యూటీలో ఎప్పుడూ అంత అలిసిపోలేదు.

సెప్టెంబరు చివర మా ఆసుపత్రిలోనే ఆపరేషన్ జరిగింది. ఆడపిల్ల. పాత కుట్టు పల్చబడిందని, ఇంకో వారం ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ అన్నారు. తల్లీ బిడ్డా క్షేమం.

డిసెంబరులో లూర్దమ్మ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుంటానంది. మా ఆసుపత్రిలో అది చేయరు. మా సంఘం దాన్ని ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. వద్దని చెప్పాను. విని, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చేయించుకుంది. మూడో రోజు మంగళవారమైంది. నేను బస్సెక్కి వెళ్లి నీళ్లు మోసి వచ్చాను. ఆ విషయం ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తర్వాత రిటైరయ్యేదాకా ఆ తరగతులు చెప్పాను. బోర్డు మీద చార్టు తగిలించలేదు. చార్టు భార్య చేతికే ఇచ్చాను. సగం మొగుడన్న మాట మళ్లీ అనలేదు. కొత్త జంట వస్తే ముందు అమ్మాయిని విడిగా కూర్చోబెట్టి, మీ ఇంట్లో నీళ్లెవరు మోస్తారని అడిగేదాన్ని. ఆ జవాబు విన్నాకే నోటు పుస్తకం తెరిచేదాన్ని.