నిమ్మకాయ నలిగేదాకా

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండగానే కాలితో తన్నుకుంటూ పోయే స్కూటరు ఒకటి కొన్నాను. పిల్లకోసమే కొన్నానని ఇంట్లో చెప్పాను. అబద్ధమాడానని కాదు గానీ, షాపులో నేను ఏరుకున్నది హ్యాండిలు బాగా పొడుగున్నది. "పిల్లకు ఇంత ఎత్తు ఎందుకు?" అని షాపతను అడిగితే "పెరుగుతుంది కదా" అన్నాను. ఎక్కేవాళ్ల బరువు యాభై కిలోలు మించకూడదని పెట్టె మీద రాసి ఉంది. ఆ వైపును గోడకు తిప్పి పెట్టాను.

దీని వెనుక ముప్పై ఏళ్ల కడుపుమంట ఉంది. నా చిన్నప్పుడు ముంబయిలో మా కామాటిపుర గల్లీలో మగపిల్లలకు బేరింగు బండ్లుండేవి. సెంట్రింగు చెక్కముక్క, దాని కింద వర్క్‌షాపు వాళ్లు పారేసిన మూడు బేరింగులు, ముందు తిప్పుకోవడానికి తాడు. అంతే బండి. అన్న కూర్చునేవాడు, నేను వెనక నుంచి నెట్టేదాన్ని. గల్లీ చివరికి వెళ్లేసరికి నాకు ఊపిరాడేది కాదు, పేరు మాత్రం వాడికొచ్చేది. "నాకెప్పుడిస్తవ్?" అంటే "రేపు" అనేవాడు. అమ్మకు చెబితే ఆమె ఇంకా నయం. "ఆడపిల్లవు, నడి గల్లీల కాళ్లు సాపుకొని కూసుంటవా? నూకు, సాలు" అనేది. ఆ రేపు రాకముందే నాకు పెళ్లయిపోయింది.

ఇప్పుడు అమ్మ మా దగ్గరే, మూడో అంతస్తులోనే ఉంటుంది. నలభై ఏళ్లు కట్టడాల మీద ఇసుక బండీ సిమెంటు బండీ నెట్టిన మనిషి. స్కూటరు చూడగానే "పూజ గాకుండ బండి కదలొద్దు" అంది.

"అది బొమ్మ బండమ్మా."

"చక్రాలున్నయా, లేవా?"

హ్యాండిలుకు బంతిపూల దండ, కుంకుమబొట్లు, కొబ్బరికాయ అన్నీ అయ్యాయి. కింద ఇంటి టాక్సీ అతను దసరాకు పెట్టినట్టే, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయ పెట్టింది. రెండూ పచ్చివి, రాళ్లలా ఉన్నాయి.

మా అమ్మాయి ఎక్కి ఒక్క తన్ను తన్నింది. టాక్సీ కింద నలిగే నిమ్మకాయ, గోధుమపిండి బస్తా అంత లేని పిల్లకు నలుగుతుందా? చక్రం జారింది, పిల్ల కూలబడింది. ముందు చక్రం కింది నిమ్మకాయ, ఇళ్లన్నిటి ముందూ వరండాలా సాగే గ్యాలరీ వెంట దొర్లుకుంటూ పోయి పక్కింటి గడప దగ్గర ఆగింది.

పక్కింటామె తలుపు తీసి కుంకుమ అంటిన నిమ్మకాయను చూసింది. "ఎవలే నా కడప ముంగట చేతబడి జేసింది?" అంటూ చీపురుతో బయటికొచ్చింది. సంగతి చెప్పాక కూడా దాన్ని చేత్తో ముట్టలేదు. చీపురుతోనే మా దాకా తోసుకొచ్చి, మిగతా తమాషా చూడ్డానికి అక్కడే నిలబడింది.

అమ్మ ముఖం మాడిపోయింది. "నిమ్మకాయ నలగలే. అది నలిగేదాంక పిల్లను తిరగనియ్య."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మళ్లీ ప్రయత్నించాం, మళ్లీ జారింది. "బరువు సాల్తలేదక్కా" అంది పక్కింటామె. ఇద్దరూ కలిసి నన్ను కిందినుంచి మీదికి చూశారు.

"నువ్వెక్కు" అంది అమ్మ.

నా లావు మాట ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మాత్రం ఇద్దరి కాళ్లకూ మొక్కాలనిపించింది. మర్యాదకు ఒకసారి "నాకెందుకమ్మా" అన్నాను. సరేనంటారేమోనని రెండోసారి అనలేదు.

అమ్మ నిమ్మకాయల్ని అరచేతి కింద పొర్లించి మెత్తబరిచింది. నేను చెప్పులు విడిచి, చీర ఎగదోపి ఎక్కాను. తన్నాను. రెండుసార్లు టప్‌మంది. పని అయిపోయింది, అక్కడితో దిగిపోవాలి. దిగలేదు. ఆరేసిన బట్టలు, బకెట్లు, తెరిచిన తలుపులు పక్కనుంచి పోతున్నాయి, ముఖానికి గాలి కొడుతోంది. "మమ్మీ, మాఝీ ఆహే తీ" అని, అది నాదని మరాఠీలో అరుస్తూ పిల్ల వెంటపడింది. నా వేగం చూసి జాలేసిందో ఏమో, రెండు చేతులూ నా వీపుకు ఆనించి నెట్టడం మొదలుపెట్టింది. అప్పటిదాకా నన్ను నెట్టినవాళ్లు లేరు. నవ్వుతూనే ఏడ్చాను.

గ్యాలరీ చివర, గిన్నెలు తోముకునే మోరీ దగ్గర ఆగాం. "ఇప్పుడు నాకు" అని చెయ్యి చాపింది. నా నాలుక మీదికి "రేపు" వచ్చేసింది. అన్నను అంతకాలం తిట్టుకున్నందుకు కొంచెం సిగ్గేసింది. ఆ మాట మింగేసి బండి ఇచ్చాను.

పిల్ల రయ్యిన అమ్మమ్మ దాకా పోయి దిగింది. అమ్మ హ్యాండిలు పట్టుకుంది. గోడకు ఆనించి పెడుతుందనుకున్నాను. పూజ పళ్లెం కింద పెట్టి, కొంగు నడుముకు చుట్టి, రెండు కాళ్లూ పలక మీద పెట్టింది.

"జిందగంత నూకుడే అయింది" అంది. "నన్ను గూడ జర నూకుండ్రి."

అటు నేను, ఇటు పిల్ల పట్టుకుని మెల్లగా నెట్టాం. అమ్మ మోకాళ్లు బాగాలేవు, మోరీ దాకా చాలని ముందే చెప్పాం. అక్కడికి పోయాక వెనక్కి తిప్పమంది.