జంటగా గెలిచిన కారియరు

ఎనభైల మొదట్లో మా ఆయన తిరుపతిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. ఒక ఏడు కార్తీక వనభోజనాలకు స్టాఫంతా బస్సు మాట్లాడుకుని, కుటుంబాలతో భాకరాపేట ఘాటురోడ్డు దగ్గరి అడవికి వెళ్ళాం. వంటలయ్యేలోపు కాలక్షేపానికి లైబ్రేరియన్ గారు నిధివేట పెట్టారు. భార్యాభర్తలు జంటగా వెళ్ళాలి, జంటగానే తిరిగి రావాలి. కొండమీద బండల కింద, చెట్టు తొర్రల్లో చీటీలు దాచారు. చీటీలోని పొడుపుకథ విప్పితే తర్వాతి చీటీ ఎక్కడుందో తెలుస్తుంది. ఆఖరున ఒక చిన్న ఇత్తడి పెట్టె. దాన్ని ముందు తెచ్చినవాళ్ళకు స్టీలు కారియరు బహుమతి.

పొడుపుకథలు విప్పింది నేను. మా అవ్వ దగ్గర పెరిగినదాన్ని, అవి నాకు అన్నంతో పాటు వచ్చాయి. మా ఆయనకు గెలవాలన్న ఆత్రం తప్ప ఒక్కటీ తట్టలేదు. మిగతా జంటలు ఇంకా కిందే ఉండగా మేం చాలా పైకి వచ్చేశాం. అప్పుడు దొరికిన చీటీలో ‘కట్టేది ఒకరు, కాపురముండేది ఇంకొకరు’ అని ఉంది. చెదలు కట్టిన ఇంట్లో పాము ఉంటుంది కదా, పుట్ట అన్నాను. అంతలోనే నా చెప్పు ఉంగటం తెగింది.

“ఈడ్నే కూర్చో. పుట్ట కాడ సూసి చిటికెలో వస్తా. యాడికీ పోవద్దు” అని, నా జవాబు వినకుండానే పొదల్లోకి దూరాడు.

కూర్చున్నాను. కాసేపు ఎండుటాకులు నలిగే చప్పుడు వినబడింది, తర్వాత అదీ లేదు. బండమీది నీడ జరిగి ఎండ నా మీదికి వచ్చింది. గొంతు బొంగురుపోయేదాకా పిలిచాను. పలుకు లేదు. పుట్ట దగ్గరికి పంపింది నేనే, పామేమైనా కరిచిందేమోనని భయమేసింది. చెప్పులు చేతపట్టుకుని వట్టికాళ్ళతో వెతుక్కుంటూ వెళ్ళాను. పుట్ట కనబడింది. పక్కనున్న రాయి తిరగేసి ఉంది. మనిషి లేడు. అక్కడినుంచి కంపల్లో పడి ఎటు తిరిగానో తెలియదు. చీర చిరిగింది, కాళ్ళలో ముళ్ళు దిగాయి. చివరికి సన్నగా పారుతున్న వంక ఒకటి దొరికితే, నీళ్ళ వెంబడే దిగి తారురోడ్డు మీద తేలాను. నలుగురిని వెంటబెట్టుకుని ఆయన్ను వెతకాలని బస్సు దగ్గరికి పరుగులాంటి నడక నడిచాను.

చెట్ల కింద అందరూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. మా ఆయన మొదటి వరసలో పులిహోర తింటున్నాడు. పక్కన మెరుస్తూ కారియరు.

ప్రిన్సిపాలు గారి భార్య నన్ను చూసి తెల్లబోయింది. బస్సులో పడుకున్నావన్నారే, రోడ్డు మీదినుంచి వస్తున్నావేమని అడిగింది. అప్పుడు తెలిసింది. పుట్ట పక్కన రాయి కిందే పెట్టె దొరకగానే ఆయన అటునుంచి అటే దిగిపోయి, నాకు తల తిరిగితే బస్సులో పడుకోబెట్టానని చెప్పి, జంట బహుమతి ఒక్కడే పుచ్చుకున్నాడు. నన్ను మరిచిపోయి ఉంటే మరిచిపోయాడనుకునేదాన్ని. ఆ అబద్ధం చెప్పాలంటే, నేను కొండమీద ఉన్నానని గుర్తుండాలి కదా!

“యా బస్సులో పడుకోబెట్టినావు నన్ను?” అన్నాను. పెళ్ళయినప్పటినుంచి ఆయన్ను ‘మీరు’ అనే పిలిచిన నోరు నాది.

ఆయన నవ్వబోయాడు. “వచ్చేసినావు గదా. కూర్చోని తిను, అందరూ సూస్తా ఉండారు.”

“సూడనీ. నిన్ను పాము కరిచిందేమోనని కొండంతా ఎతికినా నేను. నువ్వీడ పులిహోర తింటా ఉండావు.”

ఆయన పక్కనుంచి కారియరు తీసుకుపోయి, రెండో జంటగా వచ్చిన ఫిజిక్సు లెక్చరరు భార్య ముందు పెట్టాను. మీరిద్దరూ కలిసి వచ్చారు, ఇది మీదేనన్నాను. ఆమె మొహమాటపడింది. ఆమె భర్త నెత్తురోడుతున్న నా కాళ్ళవైపు ఒకసారి చూసి, కారియరు తన పక్కన పెట్టుకున్నాడు. నేను అన్నం ముట్టలేదు.

ఇంటికొచ్చాక ఆయన అన్నది ఒకటే మాట: “నలుగుర్లో నన్ను ‘నువ్వు’ అంటివి.” నేను పిన్నీసుతో ముళ్ళు తీసుకుంటున్నాను. కొండ సంగతి ఊసే లేదు. మగవాడు గెలుపు మీదుంటే ముందూ వెనకా చూస్తాడా అని మా అత్త కొడుకునే వెనకేసుకొచ్చింది. ఆ రోజునుంచి నేను ‘మీరు’ మానేశాను.

కొన్నేళ్ళకు బంగారుపాళ్యంలో ఒక పెళ్ళికి వెళ్ళాం. అక్కడ ఆయన బంధువుల మధ్య కూర్చుని, మా ఇంటామె ఒకసారి అడవిలో దారి తప్పిందంటూ నవ్విస్తున్నాడు. నేను వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టి, చెప్పు తెగిన దగ్గరినుంచి పులిహోర దాకా జరిగింది జరిగినట్టు చెప్పాను. బస్సు అబద్ధం దగ్గరికి వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచిపోయాడు.

ఆ కథ ఆయన మళ్ళీ ఎక్కడా చెప్పలేదు. తప్పయిందని కూడా చెప్పలేదు. నా కోపం ఇప్పటికీ అంతే ఉంది.